కౌంటర్‌లో 120, కంటికి కుదుపు: ఒక 165 హెర్ట్జ్ మానిటర్ కేసు

పోయిన వానాకాలంలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ దాకా ఆటోలో వచ్చాడు. సీపీయూ డబ్బా కాళ్ల దగ్గర, మానిటర్ ఒళ్లో. లోపలికి వస్తూనే, "అన్నా, కౌంటర్‌లో 120 చూపిస్తోంది, ఆడుతుంటే మాత్రం నా పాత మానిటరే నయం అనిపిస్తోంది. కార్డు పోయిందంటావా?" అన్నాడు.

కార్డు పోలేదు. (కౌంటర్ అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో చూపే ఎఫ్‌పీఎస్ అంకె. కార్డు అంటే ఆ బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు.) ఫ్రేమ్ జనరేషన్ (కార్డు గీసిన ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేములు చేర్చే పద్ధతి) వచ్చాక ఈ ఫిర్యాదు నా దగ్గరికి తరచూ వస్తోంది: అంకె పెరిగింది, ఆట మాత్రం మెత్తబడలేదు. మామూలుగా ఒక తప్పు దొరికితే పని అయిపోతుంది. ఈ కేసులో నాలుగైదు తప్పులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి, అందులో ఒకటి నేనే కొత్తగా కలిపాను. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

మెషిన్ వివరాలు: రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 11. మానిటర్ 27 అంగుళాలు, 1440పీ, 165 హెర్ట్జ్ (సెకనుకి 165 సార్లు తెర రిఫ్రెష్ అవుతుంది), వీఏ ప్యానెల్ (ఒక రకం ఎల్‌సీడీ), అంచు మీద ఫ్రీసింక్ స్టిక్కర్. బ్రాండ్ చెప్పను, ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఆట సైబర్‌పంక్ 2077. రే ట్రేసింగ్ ఆపేసి, హై సెట్టింగ్స్, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) క్వాలిటీ, దాని మీద ఫ్రేమ్ జనరేషన్. ఫ్రేమ్ జనరేషన్ లేకుండా 75 నుంచి 80, ఆన్ చేస్తే 120 అటూ ఇటూ.

నా బల్ల మీద పెట్టి ఆడి చూశాను. కారెక్కి నగరంలో తిరిగితే రోడ్డు పక్క స్తంభాలు రెండుగా చీలి కనిపిస్తున్నాయి. మౌస్ మెల్లగా తిప్పితే గోడలు గుంటల రోడ్డు మీద బండిలా ఎగిరెగిరి జరుగుతున్నాయి. కుర్రాడి మాట నిజమే.

ముందు చూసింది వెనకాల కేబుల్. హెచ్‌డీఎంఐ.

"డీపీ కేబుల్ ఏది?" అన్నాను, డీపీ అంటే డిస్‌ప్లేపోర్ట్. "డబ్బాలో ఉందన్నా. అమ్మినాయన ఇదే పెట్టి చూపించాడు, బొమ్మ వచ్చింది, ఇంక తీయలేదు" అన్నాడు. ఎక్కడ కొన్నాడో అడగలేదు, అడిగి లాభం లేదు. బొమ్మ వస్తే చాలనుకునే చోట అందరూ చేసేది ఇదే.

ఈ కేబుల్ గొడవ వెనక కొంచెం పాత కథ ఉంది. మామూలు మానిటర్ రైలు లాంటిది. టైముకి కదిలిపోతుంది, మీరు ఎక్కారా లేదా దానికి పట్టదు. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ (వీఆర్‌ఆర్) మానిటర్ షేర్ ఆటో లాంటిది. మనిషి ఎక్కాకే కదులుతుంది. కార్డు ఫ్రేమ్ గీసి ఇచ్చేదాకా తెర ఆగుతుంది, ఇవ్వగానే చూపిస్తుంది. ఎన్విడియా దీన్ని 2013లో జీ-సింక్ పేరుతో తెచ్చింది, అప్పట్లో మానిటర్ లోపల వాళ్ల సొంత బోర్డు ఉండాలి, ధర తడిసి మోపెడయ్యేది. 2014లో వీసా సంస్థ (మనవాళ్లు అమెరికాకి వేయించుకునేది కాదు, డిస్‌ప్లే ప్రమాణాలు రాసేది) ఇదే పనిని అడాప్టివ్-సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్‌లో చేర్చింది. ఏఎండీ దాని మీదే ఫ్రీసింక్ కట్టింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా దిగివచ్చి, తన కార్డులు ఈ ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేసేలా డ్రైవర్ ఇచ్చింది. అయితే అది డిస్‌ప్లేపోర్ట్ దారిలోనే. హెచ్‌డీఎంఐలో కావాలంటే మానిటర్‌కి 2.1 ప్రమాణంలోని వీఆర్‌ఆర్ ఉండాలి. ఈ మానిటర్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0. దాంట్లో 1440పీకి 144 హెర్ట్జ్ వస్తుంది, వీఆర్‌ఆర్ రాదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే జీ-సింక్ పేజీయే కనబడలేదు. స్టిక్కర్ ఉంది, సౌకర్యం లేదు.

అంటే ఇన్నాళ్లూ ఆ కుర్రాడు ఆడింది స్థిరంగా కొట్టుకునే 144 హెర్ట్జ్ తెర మీద. ఒక్కో రిఫ్రెష్ 6.94 మిల్లీసెకన్లు. కార్డు ఇచ్చే 120 ఫ్రేములు ఒక్కొక్కటి 8.33 మిల్లీసెకన్ల దూరంలో వస్తున్నాయి. వీ-సింక్ (తర్వాతి రిఫ్రెష్ దాకా ఫ్రేమ్‌ని ఆపే సెట్టింగ్) వేస్తే 6 రిఫ్రెష్‌లలో 5 ఫ్రేములే సర్దుకోవాలి. నాలుగు ఫ్రేములు ఒక్కో గడిలో, ఐదోది రెండు గడుల్లో. సెకనుకి 24 సార్లు ఒక ఫ్రేమ్ రెట్టింపు సేపు నిలబడిపోతుంది. కంటికి తగిలే కుదుపు అదే. వీ-సింక్ తీసేస్తే కుదుపు తగ్గి చీలిక వస్తుంది. వాడు తీసేసి ఆడుతున్నాడు, అందుకే చీలిక.

డీపీ కేబుల్ తెప్పించి పెట్టాను. విండోస్‌లో 165 ఎంచుకున్నాను. మానిటర్ మెనూలో అడాప్టివ్-సింక్ ఆపేసి ఉంది, దాన్ని ఆన్ చేస్తేనే కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ పేజీ వచ్చింది. చాలా మానిటర్లు ఫ్యాక్టరీ నుంచి ఇది ఆపేసే వస్తాయి. కేబుల్ మార్చి, ఈ మెనూ వదిలేసి, "డీపీ పెట్టినా అంతే" అని చెప్పేవాళ్లని చూశాను.

ఇక్కడ ఒక అలవాటు చెప్పాలి. ఏ సాఫ్ట్‌వేర్ ఏం చూపించినా నేను మానిటర్ సొంత రిఫ్రెష్ అంకెనే నమ్ముతాను. ఈ మానిటర్ మెనూలో అది ఉంది, తెర మూలన పెట్టుకోవచ్చు. వీఆర్‌ఆర్ నిజంగా పనిచేస్తుంటే ఆ అంకె ఎఫ్‌పీఎస్‌తో పాటు ఊగాలి. ఆట తెరిచాను, అంకె 165 దగ్గర రాయిలా ఉంది. కారణం ఆట బోర్డర్‌లెస్ విండోలో ఉంది, జీ-సింక్ ఫుల్‌స్క్రీన్‌కి మాత్రమే ఆన్ అయింది. విండోలకి కూడా అని మార్చగానే అంకె 118, 123, 115 అంటూ కదలడం మొదలుపెట్టింది. చీలిక పోయింది.

కుర్రాడు పది నిమిషాలు ఆడి, "బాగుందన్నా, కానీ ఇంకా ఏదో ఉంది" అన్నాడు. నాకూ అనిపించింది.

నేను చేసిన తప్పు

ఎఫ్‌పీఎస్ 105 నుంచి 130 దాకా ఊగుతోంది కదా, దీన్ని 120 దగ్గర కట్టేస్తే లోపల 60, బయట 120, అంతా గీత గీసినట్టు ఉంటుందని నా ఆలోచన. చేయి అలవాటుగా రివాట్యూనర్ మీదికి పోయింది. ఎఫ్‌పీఎస్‌ని ఒక అంకె దాటనివ్వకుండా ఏళ్ల తరబడి అందరికీ పెట్టిన లిమిటరే. 120 కొట్టాను. ఫ్రేముల మధ్య సమయం చూపే దాని గ్రాఫ్ అద్భుతం, కాగితం మీద స్కేలు పెట్టి గీసినట్టు. ఆట మాత్రం ఇందాకటి కంటే బరువెక్కింది. మౌస్ నీళ్లలో తెడ్డు వేస్తున్నట్టు ఉంది.

గ్రాఫ్ అబద్ధం చెబుతోందని తేల్చడానికి ఫోన్ తీశాను. 240 ఎఫ్‌పీఎస్ స్లో-మోషన్‌లో తెరని తీసి, తర్వాత ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడాలి. 240లో ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. తెర మీద 120 సరిగ్గా నడుస్తుంటే ఆటలోని ప్రతి బొమ్మ ఫోన్ వీడియోలో రెండేసి ఫ్రేములు ఉండాలి. రెండు, రెండు, రెండు. నాకు కనిపించింది ఒకటి, మూడు, ఒకటి, మూడు. అంచుల దగ్గర కొంచెం అలుక్కుపోతుంది కాబట్టి ఇదేమీ ప్రయోగశాల కొలత కాదు. అయినా ఒకటికీ మూడుకీ తేడా కంటికి దాగదు. ఊహించి వేసిన ఫ్రేమ్ క్షణం మెరిసి పోతోంది, అసలు ఫ్రేమ్ మూడింతల సేపు కూర్చుంటోంది. లెక్కకి 120, చూపుకి 60 కంటే కొంచెం మేలు.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఫ్రేమ్ జనరేషన్ పనితీరు చూడాలి. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌తో పాటు వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ 3లో కార్డు రెండు అసలు ఫ్రేములు గీసి, వాటి మధ్యలో ఉండాల్సినదాన్ని ఊహించి వేస్తుంది. మధ్యది తెలియాలంటే రెండోది ముందే చేతిలో ఉండాలి. అంటే రెండో అసలు ఫ్రేమ్ తయారై కూడా వరుసలో ఆగుతుంది, ముందు ఊహించినది చూపించాక దాని వంతు. లోపల 60 నడుస్తుంటే ఈ ఆగడం కనీసం 8 మిల్లీసెకన్లు, పైన ఊహించడానికి పట్టే సమయం. ఈ బరువు మరీ పెరగకుండా చూసేది రిఫ్లెక్స్ అనే ఎన్విడియా సౌకర్యం. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అది తప్పనిసరిగా ఆన్ అవుతుంది. కార్డు ముందు ఫ్రేములు క్యూ కట్టకుండా, ఆటని సరిగ్గా అవసరమైన క్షణానికి పని మొదలుపెట్టమంటుంది.

బయటి లిమిటర్ చేసేది దీనికి ఎదురు. ఫ్రేమ్ అంతా అయిపోయి, తెరకి పంపే గుమ్మం దగ్గర చేయి అడ్డం పెడుతుంది. వెనక క్యూ పేరుకుంటుంది, రిఫ్లెక్స్ పడిన శ్రమంతా వృథా. పైగా ఆ లిమిటర్ గ్రాఫ్ కూడా అదే గుమ్మం దగ్గర కొలుస్తుంది. తాను ఆపిన చోట తానే కొలుచుకుంటే గీత తిన్నగా రాక ఏమవుతుంది? ఆ తర్వాత తెర మీద ఎప్పుడు పడిందో దానికి తెలియదు. ఫ్రేముల సమయం కొలిచే ప్రెజెంట్‌మాన్ లాంటి టూల్ వాడేవాళ్లు కూడా ప్రెజెంట్‌ల (ఫ్రేమ్‌ని తెరకి అప్పగించే క్షణాల) మధ్య సమయాన్ని వదిలేసి, డిస్‌ప్లే మార్పుల మధ్య సమయం చూపే కాలమ్‌నే చదవాలి. ఫ్రేమ్ జనరేషన్ ఉన్నప్పుడు ఆ రెండూ వేరు వేరు కథలు చెబుతాయి.

రివాట్యూనర్ లిమిట్ తీసేశాను. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ ఆటకి మాత్రమే వీ-సింక్ ఆన్ చేశాను. ఆటలోని వీ-సింక్ ముట్టుకోలేదు. వీ-సింక్ అనగానే కుర్రాడి ముఖం మారింది, "అది లాగ్ కదన్నా?" అన్నాడు. పాత తెరల మీద లాగే. వీఆర్‌ఆర్ పరిధిలో ఫ్రేములు ఉన్నంతసేపు దానికి పని ఉండదు, కాపలా కాస్తూ కూర్చుంటుంది. ఏదైనా ఫ్రేమ్ 165 కంటే తొందరగా తయారైతే దాన్ని పట్టుకుని చీలిక రాకుండా చూస్తుంది. ఇంకో మంచి పని కూడా జరుగుతుంది: జీ-సింక్, వీ-సింక్, రిఫ్లెక్స్ మూడూ ఆన్‌లో ఉంటే డ్రైవర్ తనంతట తానే కప్పుకి, అంటే తెర గరిష్ఠ రేటుకి, కొంచెం కిందే కట్టేస్తుంది. 165 తెర మీద అది 157. తెరల మీద కనిపించే అంకెలకు సరిపోయే లెక్క ఒకటి ఉంది: రిఫ్రెష్ రేటుని దాంతోనే గుణించి, 3600తో భాగించి, వచ్చినదాన్ని రిఫ్రెష్ రేటులోంచి తీసేయండి. 144కి 138, 240కి 224. పాత "మూడు తగ్గించు" సూత్రం కంటే ఇది గట్టిది, ఎందుకంటే రేటు పెరిగేకొద్దీ ఒక్కో ఫ్రేమ్‌కి ఉన్న సమయం తగ్గి, చిన్న ఊగిసలాట కూడా కప్పుకి తగులుతుంది.

మళ్లీ ఫోన్ పెట్టి తీశాను. రెండు, రెండు, రెండు, అక్కడక్కడా ఒక మూడు. మౌస్ తేలికైంది.

ఎవరికైనా కచ్చితంగా ఒక అంకె దగ్గర కట్టాలనిపిస్తే కంట్రోల్ ప్యానెల్‌లోని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ వాడండి, అది రిఫ్లెక్స్‌తో తగువు పెట్టుకోదు. ఆటలోని లిమిటర్ సంగతి ఆటని బట్టి. కొన్ని అసలు ఫ్రేములకి కడతాయి, కొన్ని బయటికి వచ్చేవాటికి. 60 పెట్టి కౌంటర్ చూస్తే తెలిసిపోతుంది, 120 వస్తే మొదటి రకం.

కప్పు ఎంతో, నేల అంత

ఈ పనిలో జనం తలకిందులుగా చూసేది ఒకటి ఉంది. ఫ్రేమ్ జనరేషన్ ఎఫ్‌పీఎస్‌ని పైకి పెంచుతుందనుకుంటారు. వీఆర్‌ఆర్, వీ-సింక్ పెట్టుకున్న తెర మీద కప్పు ముందే ఖరారైపోయింది. దాన్ని రెండుతో భాగిస్తే మీ చేతికి అందే అసలు ఆట వస్తుంది. 165 తెర మీద 157, అంటే అసలువి గరిష్ఠంగా 78. మంచిదే. 144 మీద 138, అసలువి 69. ఫర్వాలేదు. 75 హెర్ట్జ్ తెర మీద 73, అసలువి 36. 60 తెర మీద 59, అసలువి 29. తెర మీద నున్నగా కనిపిస్తుంది, మౌస్‌కి మాత్రం 29 ఎఫ్‌పీఎస్ ఆట, పైన ఫ్రేమ్ ఆపి ఉంచిన ఆలస్యం. ఫ్రేమ్ జనరేషన్ లేకుండానే 60 వచ్చే కార్డుతో 60 తెర మీద దాన్ని ఆన్ చేయడం చేతిలో ఉన్న సగం పారేసుకోవడమే.

2025లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో ఒక అసలు ఫ్రేమ్‌కి మూడు ఊహించే మల్టీ ఫ్రేమ్ జనరేషన్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. 144 తెర పెట్టుకుని "4ఎక్స్ పెట్టు భయ్యా" అంటారు. 138ని నాలుగుతో భాగించండి, 34 చిల్లర. అదే 240 తెరైతే 224లో నాలుగో వంతు 56, అక్కడ దానికి అర్థం ఉంది. కార్డుకి పెట్టే డబ్బులో కొంత తెరకి పెట్టమని నేను చెబితే అమ్ముకోవడానికి చెబుతున్నాననుకుంటారు. నేను మానిటర్లు అమ్మను.

ఇక మిగిలిన "ఏదో". కారులో వేగంగా పోతుంటే ప్రతి అర నిమిషానికీ ఒక పెద్ద ఉలికిపాటు. ఇది తెర సంగతి కాదని వెంటనే తెలిసింది, ఎందుకంటే మానిటర్ అంకె కూడా అదే క్షణంలో దభీమని పడుతోంది. వీఆర్‌ఆర్ కార్డు ఇచ్చినదాన్ని నిజాయితీగా చూపిస్తుంది, కార్డు ఉలిక్కిపడితే అదీ ఉలిక్కిపడుతుంది. వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) చూస్తే 8 జీబీలో దాదాపు అంతా నిండి ఉంది. ఫ్రేమ్ జనరేషన్‌కి సొంతంగా కొంత మెమరీ కావాలి, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. అది లేనప్పుడు అంచు మీద సరిపోయిన టెక్స్‌చర్లు అది వచ్చాక పొంగి ర్యామ్‌లోకి పోతున్నాయి. టెక్స్‌చర్ ఒక మెట్టు దించాను, జనం సందడి సెట్టింగ్ కూడా ఒకటి దించాను, అది ప్రాసెసర్‌కి ఊరట. ఉలికిపాట్లు దాదాపు పోయాయి. బయట ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగలేదు, అదే 120 చుట్టుపక్కల. తేడా అంతా లోపలి అసలు ఫ్రేములు 60 చుట్టూ నిలకడగా ఉండటంలో ఉంది. ముందు ఉలికిపాటు వచ్చినప్పుడల్లా అవి 45కీ 65కీ మధ్య గంతులేస్తున్నాయి.

మానిటర్ ఓవర్‌డ్రైవ్ (పిక్సెల్ రంగుని త్వరగా మార్చే సెట్టింగ్) కూడా అందరిలాగే అన్నిటికంటే పైన పెట్టి ఉంది. రేటు మారుతుండే తెర మీద అది కదిలే వస్తువుల వెనక తెల్లటి నీడలు వేస్తుంది. మధ్యకి దించాను.

తీర్చలేనిది ఒకటి మిగిలింది. చీకటి సందుల్లో ఆడుతూ మ్యాప్ తెరిస్తే తెర మొత్తం ఒక్కసారి మినుకుమంటుంది. ఇది వీఏ ప్యానెల్ స్వభావం, ఓఎల్‌ఈడీల్లోనూ చూస్తాం. రిఫ్రెష్ రేటు మారితే పిక్సెల్ వెలుగు కూడా ఒక పిసరు మారుతుంది, ముదురు బూడిద రంగుల్లో అది బయటపడుతుంది. ఆటలో రేటు 115 నుంచి 125 మధ్య మెల్లగా ఊగుతుంటే తెలియదు. మ్యాప్ తెరిచినప్పుడు ఊహించే పని ఆగిపోయి 120 నుంచి 60కి ఒక్క దూకు. లోడింగ్‌లో ఇంకా కిందికి, ఈ మానిటర్ వీఆర్‌ఆర్ పరిధి అడుగు అయిన 48 కంటే కిందికి పోతుంది. అక్కడ షేర్ ఆటో ఇంక ఆగలేక ఉన్న మనిషితోనే రెండు ట్రిప్పులు వేస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపిస్తుంది. 47కీ 94కీ మధ్య అటూ ఇటూ దూకితే మినుకు ఖాయం. ఒక చిత్రం ఏమిటంటే ఆట నడుస్తున్నంతసేపు ఫ్రేమ్ జనరేషన్ వల్లే ఈ గొడవ తక్కువ: లోపల 40కి పడినా బయట 80, అడుగు చాలా దూరం. పరిధిని మార్చే టూల్స్ ఉన్నాయి. నా సొంత మానిటర్ మీద ఆడుకుంటాను కానీ వేరేవాళ్ల తెర మీద ముట్టుకోను, తేడా వస్తే నల్లటి తెరతో మళ్లీ ఆటో ఎక్కాల్సింది వాళ్లే.

ల్యాప్‌టాప్‌లతో వచ్చేవాళ్లకి ఒక్క మాట: లోపలి తెర ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటే జీ-సింక్ పేజీ కనబడదు. ముందు మక్స్ స్విచ్ (తెరని నేరుగా గ్రాఫిక్స్ కార్డుకి కలిపేది) ఉందో లేదో చూడండి. ఏఎండీ కార్డులకి మెనూల పేర్లు వేరు, కప్పుని సగం చేసే లెక్క అదే.

కుర్రాడు సాయంత్రాలు స్నేహితులతో వాలరెంట్ (పోటీ షూటింగ్ ఆట) ఆడతానన్నాడు. అందుకే వీ-సింక్ గ్లోబల్‌లో పెట్టలేదు, సైబర్‌పంక్ ప్రొఫైల్‌లో మాత్రమే ఉంది. ఎదుటివాడు మూల నుంచి తల బయటపెట్టే క్షణం లెక్కలోకి వచ్చే ఆటలో ఊహించిన ఫ్రేముతో పనిలేదు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. ఆట బ్రహ్మాండంగా ఉందట, మ్యాప్ తెరిస్తే మాత్రం ఇంకా మినుకుమంటోందట. "అది ఉంటుందని చెప్పానుగా తమ్ముడూ, పోవాలంటే ప్యానెలే మార్చాలి" అన్నాను. కాసేపు ఆలోచించి, "వద్దులే అన్నా, మ్యాప్ ఎక్కువ తియ్యను. దారులన్నీ తెలుసు" అన్నాడు.